భూమి, అప్పు, అధికారం: ఎలార్డ్ ఫాన్ ఓల్డెన్‌బుర్గ్-యానుషౌ రాజకీయ జీవితం – ఒక పరిశీలన

ప్రస్తావన

1910 జనవరి 29న బెర్లిన్‌లో, జర్మన్ సామ్రాజ్య పార్లమెంటు అయిన రైఖ్‌స్టాగ్‌లో సైనిక వ్యయంపై చర్చ జరుగుతున్నది. పశ్చిమ ప్రష్యాకు చెందిన ఒక సభ్యుడు ఆ చర్చలో పాల్గొంటూ, ప్రష్యా రాజూ జర్మన్ చక్రవర్తీ అయిన ప్రభువు ఏ క్షణంలోనైనా ఒక లెఫ్టినెంటును పిలిచి, పదిమంది సైనికులను వెంటబెట్టుకొని వెళ్లి రైఖ్‌స్టాగ్‌ను మూసివేయమని ఆజ్ఞాపించగల స్థితిలో ఉండాలని ప్రకటించాడు. సభ అట్టుడికిపోయింది. సభలో సభ్యుడిగా ఉంటూనే సభ ఉనికి ఒక చిన్న సైనికాధికారి రాకపోకలపై ఆధారపడి ఉండాలని కోరిన ఆ వ్యక్తి ఎలార్డ్ ఫాన్ ఓల్డెన్‌బుర్గ్-యానుషౌ. ఆయన వయస్సు అప్పటికి యాభై నాలుగేళ్లు.

జర్మన్ చరిత్రను స్పృశించే గ్రంథాలలో ఓల్డెన్‌బుర్గ్ సాధారణంగా ఈ ఒక్క వాక్యంతోనే పరిచయమవుతాడు. మొరటు హాస్యం, మొండి పట్టుదల గల ఒక పాతకాలపు భూస్వామిగా ఆయనను చిత్రించి వదిలివేయడం పరిపాటి. అయితే ఆ మాట అన్న ఇరవై మూడేళ్లకు జర్మనీలో పార్లమెంటరీ వ్యవస్థ అంతమైనప్పుడు దేశాధ్యక్షుడి చెవికి అత్యంత సమీపంలో ఉన్నవారిలో ఆయన ఒకడు. ఈ రెండు ఘట్టాలకు నడుమ ఉన్నది కేవలం ఒక వ్యక్తి స్వభావం కాదు. ఒక వర్గపు ఆర్థిక స్థితి. రాజ్యపు ధనం లేనిదే నిలబడలేని స్థితికి చేరి కూడ, ఆ ధనానికి ప్రజాప్రతినిధులకు లెక్క చెప్పడానికి అంగీకరించని భూస్వామ్య వర్గం ఆయనది. ఆ వైరుధ్యం నేపథ్యంలో ఓల్డెన్‌బుర్గ్ జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యుంకర్, జమీందారు: పదవిచారణ

ఎల్బే నదికి తూర్పున ఉన్న ప్రష్యా భూస్వాములను యుంకర్లు అంటారు. ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి తెలుగులో జంకర్లు అని వ్రాయడం కూడ కద్దు. ఈ పదాన్ని ‘జమీందారు’ అని అనువదిస్తే తెలుగు పాఠకుడి మనస్సులో ఒక తప్పుడు చిత్రం ఏర్పడే అవకాశముంది. 1802 నాటి శాశ్వత పైసలా కింద ఉత్తర సర్కారులలో ఏర్పడిన జమీందారు ప్రధానంగా శిస్తు వసూలు చేసేవాడు. రైతులు సాగుచేసుకునే జిరాయితీ భూమినుండి శిస్తు రాబట్టి, ప్రభుత్వానికి పేష్కషు చెల్లించి, మిగిలినది అనుభవించేవాడు. జమీందారు స్వయంగా సేద్యం చేయించుకొనే కమతం భూమి ఆయన జమీలో ఒక భాగం మాత్రమే. యుంకర్‌కు, పోల్చి చెప్పాలంటే, ఎస్టేటు యావత్తూ కమతమే. రై, గోధుమ, బంగాళాదుంప వంటి పంటలను కూలీలచేత పండించి, మార్కెట్టులో అమ్మి, ఆ లాభనష్టాలను స్వయంగా భరించే వ్యవసాయ యజమాని అతడు.

ఈ వ్యత్యాసానికి చారిత్రక కారణమున్నది. 1807లో ప్రష్యా ప్రభుత్వం వ్యక్తిగత దాస్యాన్ని రద్దు చేసింది. 1811 నాటి శాసనం ప్రకారం రైతు తన సాగుభూమిపై పూర్తి హక్కు పొందాలంటే ఆ భూమిలో మూడోవంతుగాని సగంగాని ప్రభువుకు వదలుకోవలసి వచ్చింది. విముక్తి పేరిట జరిగిన ఈ పంపకంలో ఎస్టేట్లు పెరిగాయి. భూమి చాలక కూలికి దిగినవారు ఆ ఎస్టేట్లకు శ్రామికులయ్యారు. వీరిలో ‘ఇన్‌స్ట్‌మన్’ అనబడే స్థిర శ్రామికుడికి ఇల్లు, కొద్దిపాటి నేల, నూర్పిడిలో ధాన్యపు వాటా లభించేవి. పంట బాగుంటే అతడి వాటా కూడ బాగుండేది. ఆ మేరకు యజమానికీ శ్రామికుడికీ ప్రయోజనంలో ఒక ఐక్యత ఉండేది.

ఆర్థికాధికారానికి పాలనాధికారం తోడైంది. ఎస్టేటు ఒక ప్రత్యేక పాలనా విభాగంగా గుర్తింపు పొందడంతో గ్రామానికి వర్తించే స్వపరిపాలన అక్కడ వర్తించేది కాదు. దాని పాలనకు యజమానే బాధ్యుడు. ఈ ఏర్పాటు 1927 చివరిలో వచ్చిన చట్టం వరకు కొనసాగింది. ప్రష్యా శాసనసభకు 1918 వరకు అమలులో ఉన్న మూడు తరగతుల ఓటు విధానం చెల్లించే పన్నును బట్టి ఓటుకు విలువ కట్టేది. పొలంలోనూ పాలనలోనూ శాసనసభలోనూ ఒకే వర్గం మాట చెల్లుబాటయ్యేందుకు ఇవన్నీ దోహదం చేశాయి. ఓల్డెన్‌బుర్గ్ ఈ లోకంలో పుట్టాడు.

జననం, ఎస్టేటు, ప్రజాజీవన ప్రవేశం

ఎలార్డ్ ఫాన్ ఓల్డెన్‌బుర్గ్ 1855 మార్చి 20న తూర్పు ప్రష్యాలోని బైస్‌లైడెన్‌లో జన్మించాడు. అశ్వికదళంలో అధికారిగా పనిచేశాడు. తరువాత పశ్చిమ ప్రష్యాలోని రోజెన్‌బెర్గ్ జిల్లాలో ఉన్న యానుషౌ ఎస్టేటు నిర్వహణ చేపట్టాడు. ఆ ఎస్టేటు పేరే ఆయన ఇంటిపేరుకు చేరి ‘ఓల్డెన్‌బుర్గ్-యానుషౌ’ అయింది. వ్యవహారంలో ‘యానుషౌ ఆసామి’ అంటే ఆయనే. మనిషికి ఊరిపేరు ఇంటిపేరుగా స్థిరపడటం తెలుగువారికి కొత్త కాదు. కాని ఇక్కడ ఆ పేరు నివాసాన్ని కాక యాజమాన్యాన్ని సూచిస్తుంది.

1901లో ప్రష్యా శాసనసభకు, 1902లో రైఖ్‌స్టాగ్‌కు ఆయన ఎన్నికయ్యాడు. రైఖ్‌స్టాగ్‌లో జర్మన్ కన్సర్వేటివ్ పార్టీ సభ్యుడిగా 1912 వరకు కొనసాగాడు. ప్రష్యా శాసనసభకు భిన్నంగా రైఖ్‌స్టాగ్‌కు వయోజనులైన పురుషులందరికీ సమాన ఓటుహక్కు ఉండేది. అయినా నియోజకవర్గాల హద్దులను జనాభా పెరుగుదలకు అనుగుణంగా మార్చకపోవడంవల్ల తూర్పు ప్రాంతపు గ్రామీణ స్థానాల బరువు చెక్కుచెదరలేదు. నగరాలు నిండుతున్నా ఓట్ల విలువ పల్లెల పక్షానే మొగ్గింది. ఓల్డెన్‌బుర్గ్ ఏ సభను తృణీకరించాడో ఆ సభలోకి ఆయన వర్గం ప్రవేశించడానికి ఆ సభ నిర్మాణమే తోడ్పడిందన్నది గమనార్హం.

ధాన్యం ధర, సుంకాల రాజకీయం

యుంకర్ల ఆర్థిక పునాది బయటికి కనిపించినంత దృఢమైనది కాదు. ఫ్రెడరిక్ మహారాజు కాలంలో, 1770లో సైలీషియాలో మొదలైన భూస్వామ్య పరపతి సంఘాలు ఎస్టేట్లను తాకట్టు పెట్టుకొని రుణపత్రాలు జారీ చేసే పద్ధతిని స్థిరపరచాయి. ఈ సౌలభ్యం మూలంగా భూమి తరతరాల వారసత్వంగా మాత్రమే కాక, అప్పుకు హామీగాను, అమ్మకపు సరుకుగాను మారింది. ధాన్యం ధర పెరుగుతున్నంత కాలం అప్పు బరువు తెలియలేదు. 1870ల తరువాత అమెరికా, రష్యాల నుండి చవక ధాన్యం ఐరోపా రేవులకు చేరసాగింది. ఓడరవాణా, రైళ్లు దూరాన్ని తగ్గించాయి. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న తూర్పు నేలలు ఆ పోటీని తట్టుకోలేకపోయాయి.

1879లో బిస్మార్క్ ధాన్యంపై దిగుమతి సుంకం విధించి వీరిని ఆదుకొన్నాడు. ఆయన తరువాత ఛాన్సలరైన కాప్రివి పారిశ్రామిక ఎగుమతుల కోసం ఇతర దేశాలతో వాణిజ్య ఒప్పందాలు చేసుకొని, రై, గోధుమలపై 100 కిలోలకు 5 మార్కులుగా ఉన్న సుంకాన్ని 3.50 మార్కులకు తగ్గించాడు. దీనికి ప్రతిక్రియగా 1893 ఫిబ్రవరిలో ‘బుండ్ డెర్ లాండ్‌విర్టె’ అనే వ్యవసాయదారుల సంఘం అవతరించింది. సభలు, పత్రికలు, ఎన్నికల ప్రచారం వంటి ఆధునిక పద్ధతులన్నీ వినియోగించుకొన్న ఈ సంఘానికి పశ్చిమ ప్రష్యాలో నాయకుడు ఓల్డెన్‌బుర్గ్. చిన్నరైతులు పెద్దసంఖ్యలో అందులో చేరినా నాయకత్వం పెద్ద ఎస్టేట్లదే. 1902లో వచ్చిన కొత్త సుంకాల చట్టం గోధుమపై 5.50 మార్కులు, రైపై 5 మార్కులు విధించింది. సుంకం అంటే రొట్టె ధర. నగరంలోని కార్మికుడు కొనే ప్రతి రొట్టెలోనూ కొంత భాగం ఎస్టేటు అప్పుకు వడ్డీగా మారింది.

ఈ స్థితిని తొలిగా శాస్త్రీయంగా నిరూపించినవాడు మాక్స్ వెబర్. 1892లో ఆయన ఎల్బే తూర్పు ప్రాంతపు వ్యవసాయ కూలీలపై ప్రకటించిన అధ్యయనం ఒక ముఖ్యవిషయాన్ని బయటపెట్టింది. నూర్పిడి యంత్రాలతోను, నగదు కూలితోను ఇన్‌స్ట్‌మన్ వాటా క్షీణిస్తున్నది. జర్మన్ కూలీలు ఊళ్లు విడిచి పట్టణాలకు పోతున్నారు. వారి స్థానంలో తక్కువ కూలికి పోలిష్ వలస కూలీలను తెచ్చుకొంటున్నారు. జాతీయతకు తామే కోటగోడలమని చెప్పుకొనే యుంకర్లు తమ లాభం కోసం ఆ సరిహద్దు ప్రాంతంనుండి జర్మన్ జనాభానే ఖాళీ చేయిస్తున్నారని దీని సారాంశం. 1895లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రారంభోపన్యాసంలో వెబర్ మరొక అడుగు ముందుకు వేసి, ఆర్థికంగా దిగజారుతున్న వర్గం రాజకీయాధికారాన్ని చేతిలో ఉంచుకోవడం దేశానికి ప్రమాదకరమని హెచ్చరించాడు. వెబర్ స్వయంగా తీవ్ర జాతీయవాది. పోలిష్ వలసలపై ఆయన అభిప్రాయాలు నేడు సమర్థనీయం కావు. అయినా ఆ వర్గపు రాజకీయ భవితవ్యాన్ని గురించి ఆయన చేసిన సూచన ఓల్డెన్‌బుర్గ్ జీవితంలో అక్షరాలా ఫలించింది.

లెఫ్టినెంటు, పదిమంది సైనికులు

ఈ నేపథ్యంలో 1910 నాటి ప్రకటనను తిరిగి పరిశీలించవచ్చు. అది కేవలం నోటిదురుసుతనం కాదు. అంతకు ముందు సంవత్సరం, 1909లో, నౌకాదళ వ్యయం మొదలైన వాటికి నిధులు కూర్చుకోవడానికి ఛాన్సలర్ బ్యూలో వారసత్వ పన్ను పరిధిని విస్తరించాలని ప్రతిపాదించినప్పుడు కన్సర్వేటివులు దానిని ఓడించారు. బ్యూలో పదవి వదలుకోవలసి వచ్చింది. సార్వత్రిక ఓటుతో ఎన్నికైన సభ చేతికి భూస్వాముల ఆస్తి వివరాలు అందరాదన్నది వారి వాదనలలో ప్రధానమైనది. అంటే పన్ను విషయంలో సభా నిర్ణయాన్ని తమకు అనుకూలంగా వాడుకొన్న వర్గమే, సైన్యం విషయంలో ఆ సభకు ఏ హక్కూ లేదని వాదించింది. సైన్యాధికారుల పదవులలో యుంకర్ కుటుంబాల స్థానం ఎంతటిదో తలచుకొంటే ఈ రెండు వాదనల మూలం ఒకటేనని స్పష్టమవుతుంది.

యూనిఫారం పట్ల ఆనాటి సమాజంలో ఉన్న విధేయత ఈ మాటకు బలం చేకూర్చింది. 1906 అక్టోబరులో విల్‌హెల్మ్ ఫోగ్ట్ అనే చెప్పులుకుట్టే వృత్తివాడు, జైలునుండి విడుదలై బ్రతుకుతెరువు దొరకనివాడు, పాతబట్టల దుకాణాలలో కొన్న కెప్టెన్ దుస్తులు ధరించి, దారిలో కనిపించిన సైనికులను వెంటబెట్టుకొని, బెర్లిన్ సమీపంలోని క్యోపెనిక్ పురపాలక భవనంలో ప్రవేశించాడు. అక్కడి మేయరును నిర్బంధించి ఖజానా సొమ్ముతో వెళ్లిపోయాడు. లోకం నవ్వింది. కాని ఆ సంఘటనలో ఏ ఒక్కరూ ఆజ్ఞాపత్రం చూపించమని గట్టిగా నిలదీయలేకపోయారన్నది నవ్వుకు లోబడని సత్యం. నాలుగేళ్ల తరువాత ఓల్డెన్‌బుర్గ్ రైఖ్‌స్టాగ్‌లో పలికిన మాట అదే విధేయతను రాజ్యాంగ సూత్రంగా నిలబెట్టే ప్రయత్నం.

1912 ఎన్నికలలో సోషల్ డెమోక్రాట్లు 397 స్థానాలలో 110 గెలుచుకొని రైఖ్‌స్టాగ్‌లో అతిపెద్ద పక్షమయ్యారు. ఓల్డెన్‌బుర్గ్ రైఖ్‌స్టాగ్ సభ్యత్వం ఆ ఏటితో ముగిసింది. తిరిగి ఆ సభలో అడుగుపెట్టడానికి ఆయనకు పద్దెనిమిదేళ్లు పట్టింది. అప్పటికి చక్రవర్తి లేడు; సామ్రాజ్యం లేదు.

రిపబ్లిక్, నోయ్‌డెక్ కానుక

1918 నవంబరు విప్లవం రాజరికాన్ని, మూడు తరగతుల ఓటును, ఇంటి పనివారిని, వ్యవసాయ శ్రామికులను యజమానికి కట్టివేసిన పాత సేవక శాసనాలను తొలగించింది. ఎస్టేట్లను మాత్రం తాకలేదు. 1923 నాటి ద్రవ్యోల్బణంలో పాత తాకట్టు అప్పులు కొట్టుకుపోయి ఎస్టేట్లు తేలికపడ్డాయి. అయినా కొన్నేళ్లలోనే కొత్త అప్పులు పేరుకొన్నాయి. ప్రపంచమంతటా ధాన్యం ధరలు పడిపోతుండగా 1920ల చివరికి తూర్పు ప్రష్యా వ్యవసాయం దివాలా అంచుకు చేరింది. అదే సమయంలో, 1925లో, రాచరికవాదీ యుంకర్ కుటుంబీకుడూ అయిన ఫీల్డ్ మార్షల్ పౌల్ ఫాన్ హిండెన్‌బుర్గ్ రిపబ్లిక్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు.

హిండెన్‌బుర్గ్ పూర్వీకుల ఎస్టేటు నోయ్‌డెక్, యానుషౌకు పొరుగున ఉన్నది. కుటుంబం దానిని నిలుపుకోలేని స్థితిలో ఉండగా, దానిని కొని అధ్యక్షుడికి కానుకగా ఇవ్వాలన్న యత్నానికి ముందు నిలిచినవాడు ఓల్డెన్‌బుర్గ్. ఖర్చులో అధిక భాగం పారిశ్రామికవేత్తల విరాళాలనుండి సమకూరింది. 1927 అక్టోబరు 2న, హిండెన్‌బుర్గ్ 80వ జన్మదినాన నోయ్‌డెక్ ఆయనకు అందింది. వారసత్వ పన్ను తప్పించడానికి దస్తావేజు కుమారుడు ఆస్కర్ పేర వ్రాయించారు. ఈ సంగతి తరువాత వెల్లడైనప్పుడు విమర్శలు చెలరేగాయి.

ఈ కానుకలోని రాజకీయార్థం ధనంలో లేదు, స్థలంలో ఉన్నది. బెర్లిన్‌లో అధ్యక్షుడి చుట్టూ మంత్రులు, పార్టీ నాయకులు, పత్రికలు ఉంటాయి. నోయ్‌డెక్‌లో ఆయన చుట్టూ ఉన్నవారు పొరుగు ఎస్టేట్ల యజమానులు. రిపబ్లిక్ అధినేత సెలవులు గడపడానికి వెళ్లిన ప్రతిసారీ ఒక అప్పులపాలైన వర్గం మధ్యకు, ఆ వర్గ సభ్యుడిగా వెళ్లేవాడు. పార్లమెంటును మూసివేయగల లెఫ్టినెంటు కోసం 1910లో ఎదురుచూసిన ఓల్డెన్‌బుర్గ్‌కు పార్లమెంటును తప్పించుకొనే మరొక మార్గం ఇప్పుడు పొరుగునే లభించింది. వైమర్ రాజ్యాంగంలోని 48వ అధికరణం అత్యవసర పరిస్థితులలో అధ్యక్షుడికి ఆజ్ఞలు జారీచేసే అధికారమిచ్చింది. 1930నుండి ఆ అధికారమే దైనందిన పాలనాసాధనమైంది.

తూర్పు సహాయం, 1932–33

1930 సెప్టెంబరు ఎన్నికలలో ఓల్డెన్‌బుర్గ్ జర్మన్ జాతీయ ప్రజాపక్షం తరఫున తిరిగి రైఖ్‌స్టాగ్‌లో ప్రవేశించాడు. వయస్సు 75. అదే ఎన్నికలలో హిట్లర్ పక్షం 107 స్థానాలు గెలుచుకొన్నది. ఛాన్సలర్ హైన్‌రిఖ్ బ్రూనింగ్ ప్రభుత్వం 1931 మార్చి 31న ‘తూర్పు సహాయ’ చట్టం తెచ్చి తూర్పు ప్రాంతపు ఎస్టేట్లకు రుణవిమోచన నిధులు కల్పించింది. సహాయం తీసుకోవడానికి యజమానులు సంకోచించలేదు. చిక్కు దాని రెండవ భాగంలో వచ్చింది. ఏ సహాయంతోను కోలుకోలేని ఎస్టేట్లను ప్రభుత్వం తీసుకొని, చిన్న కమతాలుగా విభజించి, నిరుద్యోగులను స్థిరపరచాలన్న ప్రతిపాదనను 1932 వసంతంలో బ్రూనింగ్ మంత్రివర్గం సిద్ధం చేసింది. దానికి బాధ్యుడైన తూర్పు సహాయ కమిషనర్ హన్స్ ష్లాంగె-ష్యోనింగెన్ కూడ ఒక పొమెరేనియా భూస్వామే కావడం విశేషం.

భూస్వామ్య సంఘాలు ఈ ప్రతిపాదనకు ‘వ్యవసాయ బోల్షివిజం’ అని పేరు పెట్టాయి. మే నెలలో హిండెన్‌బుర్గ్ నోయ్‌డెక్‌లో విశ్రమిస్తున్నప్పుడు పొరుగువారి ఫిర్యాదులు ఆయనకు నేరుగా అందాయి. అంతకు ఒక నెల ముందు జరిగిన అధ్యక్ష ఎన్నికలో హిట్లర్‌పై ఆయన గెలిచింది సోషల్ డెమోక్రాట్ల, కాథలిక్కు పక్షపు ఓట్లతో. తన వర్గంవారు అనేకులు ఎదుటి పక్షాన నిలిచారు. ఆ మనస్తాపంలో ఉన్న వృద్ధ అధ్యక్షుడికి తనవారి ఆదరణ తిరిగి పొందడం ప్రధానమనిపించింది. సైనిక వర్గాల్లో జనరల్ ష్లైషెర్ నడిపిన మంత్రాంగం కూడ బ్రూనింగ్‌కు వ్యతిరేకంగా పనిచేసింది. 1932 మే 30న బ్రూనింగ్ రాజీనామా చేశాడు. దివాలా తీసిన ఎస్టేట్ల పంపకం ఆగిపోయింది.

తరువాత ఛాన్సలరైన ఫ్రాన్స్ ఫాన్ పాపెన్ జులై 20న ప్రష్యా రాష్ట్రపు ఎన్నికైన ప్రభుత్వాన్ని అత్యవసరాజ్ఞతో తొలగించాడు. బెర్లిన్ పోలీసు ఉన్నతాధికారులను సైనికులు వచ్చి అరెస్టు చేశారు. ఎదురుతిరిగినవారు లేరు. 1910లో ఊహించిన దృశ్యం దాదాపు యథాతథంగా సంభవించింది. చక్రవర్తి స్థానంలో అధ్యక్షుడి సంతకం ఉన్నది, అంతే తేడా.

1933 జనవరిలో తూర్పు సహాయ నిధుల దుర్వినియోగం రైఖ్‌స్టాగ్ బడ్జెట్ సంఘంలో చర్చకు వచ్చింది. రుణవిమోచనకు ఇచ్చిన సొమ్ము కార్లకు, గుర్రాలకు, విహారయాత్రలకు ఖర్చయిందన్న ఆరోపణలు వెలువడ్డాయి. నిధులు పొందినవారిలో ఓల్డెన్‌బుర్గ్ పేరు కూడ వినబడింది. అదే నెల 11న వ్యవసాయదారుల జాతీయ సంఘం నాయకులు అధ్యక్షుణ్ణి కలిసి, ష్లైషెర్ ప్రభుత్వం వ్యవసాయాన్ని నాశనం చేస్తున్నదని ఫిర్యాదు చేశారు. హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించడానికి హిండెన్‌బుర్గ్ వెనుకాడుతూ వచ్చాడు. ఆ సంకోచాన్ని సడలించినవారిలో ఓల్డెన్‌బుర్గ్ ఒకడని చరిత్రకారులు గుర్తించారు. సంప్రదాయవాదులు అధికంగా ఉన్న మంత్రివర్గంలో, సైన్యం తమ చేతిలో ఉండగా హిట్లర్‌ను అదుపులో ఉంచవచ్చునన్నది ఆ వర్గపు అంచనా. 1933 జనవరి 30న నియామకం జరిగింది.

అంచనా ఎంతకాలం నిలిచిందో తేదీలే చెబుతాయి. మార్చి 23న రైఖ్‌స్టాగ్ తన శాసనాధికారాన్ని మంత్రివర్గానికి ధారపోసింది. జూన్ 27న ఓల్డెన్‌బుర్గ్ పక్షం తనను తాను రద్దు చేసుకొన్నది. దాని నాయకుడు హూగెన్‌బెర్గ్ మంత్రిపదవి వదలుకోగా వ్యవసాయ శాఖ నాజీ పక్షపు డారె చేతికి పోయింది. ఆగస్టులో నోయ్‌డెక్ పక్కన ఉన్న ప్రభుత్వ భూమిని, అడవిని హిండెన్‌బుర్గ్‌కు కానుకగా ఇచ్చి పన్ను మినహాయించారు. పెద్ద ఎస్టేట్లను కొత్త ప్రభుత్వం పంచలేదు. భూమి మిగిలింది, భూమి ఇచ్చిన అధికారం పోయింది.

1934 జూన్ 30న హిట్లర్ తన ప్రత్యర్థులను విచారణ లేకుండా చంపించినప్పుడు పాపెన్ సహాయకుడు హెర్బర్ట్ ఫాన్ బోజె కార్యాలయంలోనే హతుడయ్యాడు. ప్రాణాలతో బయటపడిన మరొక సహాయకుడు ఫాన్ కెట్టెలర్ తూర్పు ప్రష్యాకు వెళ్లి, అధ్యక్షుడికి నిజం చెప్పమని ఓల్డెన్‌బుర్గ్‌ను ప్రాధేయపడ్డాడనీ, వృద్ధుడైన ఆ పొరుగువాడికి నోయ్‌డెక్‌లో ప్రవేశం దొరకలేదనీ సమకాలికుల కథనాలు చెబుతున్నాయి. హిండెన్‌బుర్గ్ పేర హిట్లర్‌కు అభినందన సందేశం వెలువడింది. ఎవరి చొరవతో ఆ ఇల్లు అధ్యక్షుడిదైందో అతడి మాట ఆ గుమ్మం దాటలేదు. ఆగస్టు 2న హిండెన్‌బుర్గ్ మరణించాడు.

ఒకే నేల, రెండు దారులు

ఓల్డెన్‌బుర్గ్ నిర్ణయాలను వర్గస్వభావంగా మాత్రమే వివరిస్తే వ్యక్తిగత బాధ్యత ప్రశ్న మరుగునపడుతుంది. దానిని నిలువరించే ఉదాహరణ పొమెరేనియాలో ఉన్నది. ఎవాల్డ్ ఫాన్ క్లైస్ట్-ష్మెన్‌ట్సిన్ 1890లో పుట్టిన యుంకర్. ఎస్టేటు యజమాని, రాచరికవాది, క్రైస్తవ సంప్రదాయవాది. పార్లమెంటరీ ప్రజాస్వామ్యం పట్ల ఆయనకు కూడ గౌరవం లేదు. అయినా 1932లోనే జాతీయ సోషలిజం ప్రమాదకరమని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. హిట్లర్ నియామకాన్ని ఆపడానికి 1933 జనవరిలో శ్రమించాడు. 1938 ఆగస్టులో రహస్యంగా లండన్ వెళ్లి వాన్సిటార్ట్‌ను, చర్చిల్‌ను కలిసి, చెకొస్లొవేకియా విషయంలో బ్రిటన్ దృఢంగా నిలబడాలని కోరాడు. 1944 జులై 20 నాటి కుట్ర విఫలమైన తరువాత అరెస్టయి, 1945 ఏప్రిల్ 9న బెర్లిన్‌లో మరణశిక్షకు గురయ్యాడు.

ఈ ఇద్దరినీ పోల్చడంలో ఒక జాగ్రత్త అవసరం. క్లైస్ట్ ప్రజాస్వామ్యవాదిగా హిట్లర్‌ను ఎదిరించలేదు. తన సంప్రదాయం చట్టానికి, దైవభీతికి కట్టుబడి ఉండాలన్న నమ్మకంతో ఎదిరించాడు. ఓల్డెన్‌బుర్గ్ సంప్రదాయంలో ఆజ్ఞకు ఉన్న స్థానం చట్టానికి లేదు. ఆజ్ఞ ఇచ్చేవాడు తనవాడైనంతకాలం ఆ లోపం కనిపించదు. పరాయివాడైన రోజున దానిని ఎదుర్కొనే ఆయుధం ఆ సంప్రదాయంలో మిగలదు.

ముగింపు

ఓల్డెన్‌బుర్గ్ 1936లో తన స్మృతులను ప్రచురించి, 1937 ఆగస్టులో మరణించాడు. 1945 జనవరిలో సోవియట్ సేన ఆ ప్రాంతాన్ని ఆక్రమించింది. జర్మన్ జనాభా పారిపోయింది, మిగిలినవారు తరలింపబడ్డారు. యానుషౌ నేడు పోలండ్‌లోని యానుషెవొ. సోవియట్ ఆక్రమిత జర్మన్ ప్రాంతంలో 1945 సెప్టెంబరులో మొదలైన భూసంస్కరణ 100 హెక్టార్లకు మించిన ఎస్టేట్లను పరిహారం లేకుండా స్వాధీనం చేసుకొన్నది. ఎల్బే తూర్పున యుంకర్ అనే చారిత్రక వర్గం అంతరించింది.

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేటతెల్లమవుతాయి. ఒకటి: ఓల్డెన్‌బుర్గ్ పార్లమెంటు ధిక్కారం బలంనుండి పుట్టినది కాదు, సుంకం, పన్ను మినహాయింపు, రుణవిమోచన లేనిదే నిలువలేని ఆర్థిక పరాధీనతనుండి పుట్టినది. ఇచ్చే చేయి లెక్క అడుగుతుందన్న భయం దానికి ప్రేరణ. రెండు: అధికార కేంద్రాన్ని సభనుండి అధ్యక్షుడి విడిదికి మార్చడంలో ఆయన సాధించిన విజయమే ఆయన వర్గానికి ముప్పయింది, తలుపు ఒకటే అయినప్పుడు దానికి కాపలా ఉన్నవాడిదే రాజ్యం. మూడు: 1932లో బ్రూనింగ్ ప్రభుత్వం ఆ వర్గంనుండి కోరింది అప్పు తీర్చలేని ఎస్టేట్లను మాత్రమే. దానిని విధ్వంసమని భావించి నిరాకరించినవారు పదమూడేళ్లు గడవకముందే సమస్తాన్నీ కోల్పోయారు. వారితోపాటు, వారి ఎస్టేట్లతో ఏ సంబంధమూ లేని లక్షలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. యానుషౌ ఆసామి జీవితాన్ని ఒక విచిత్ర వ్యక్తి కథగా కాక, లెక్క చెప్పడానికి నిరాకరించిన సంపద చరిత్రగా చదవవలసిన అవసరం ఇందులోనే ఉన్నది.